గంజి కలిపిన సున్నం

ఆ ఎండాకాలం తాయారు వాళ్ళ పిల్లి కూడా పక్కింటికి మారిపోయింది.

పొద్దున పాలు తాగడానికి మాత్రం వచ్చేది. మూతి నాక్కుంటూ ఇల్లంతా ఒకసారి కలయజూసి, తోక నిలబెట్టుకుని, ఉమ్మడి గోడ ఎక్కి అటువైపు దూకేది. రోహిణి వాళ్ళ నడవలో నాలుగు కాళ్ళూ చాపి పడుకుందంటే మళ్ళీ పొద్దు వాలేదాకా లేచేది కాదు.

"దానికున్న తెలివి మనకు లేదే," అని తాయారు వాళ్ళ అమ్మ సామ్రాజ్యం నవ్వేది.

తాయారుకి మాత్రం నవ్వు వచ్చేది కాదు. కళ్ళు తెరవని కూనగా ఉన్నప్పుడు దూది ముంచి పాలు పట్టి బతికించింది తను. అది సుఖంగా నిద్రపోయేది మాత్రం రోహిణి పాదాల దగ్గర.

రాళ్ళగుంటలో ఇళ్ళన్నీ నాపరాతివే. గోడలూ ఆ రాయే, పైకప్పూ ఆ రాయే. ఊరి చుట్టూ క్వారీలు ఉన్నాయి కాబట్టి చవగ్గా దొరుకుతుంది. వేసవి వచ్చిందంటే ఆ రాయి పగలంతా ఎండ తాగి, చీకటి పడ్డాక ఇంట్లోకి కక్కుతుంది. కూలరు వేస్తే కరెంటు బిల్లు చూసి నాన్న ముఖం మాడిపోతుంది. వెయ్యకపోతే ఇల్లే ఇటుకల బట్టీ.

అలాంటి ఊళ్ళోకి, ఇంకా చలి పూర్తిగా పోకముందే, పరిశోధన కోసం వచ్చిన యశోధర మేడం చలువపాచిని తెచ్చింది.

ఎక్కడో కొండల్లో ఉడుకునీళ్ళ ఊట పక్కన రాళ్ళకు పట్టిన పాచి అది. పక్కనే నీళ్ళు మరుగుతున్నా ఆ రాళ్ళు మాత్రం చల్లగా ఉండటం ఆమె గమనించింది. దాన్ని గోకి తెచ్చి ఏళ్ళ తరబడి గాజు పెట్టెల్లో పెంచింది. హైస్కూల్లో ఖాళీగా ఉన్న సైన్సు గదిని ప్రయోగశాలగా మార్చుకుని, మొదటిరోజే పిల్లలందర్నీ పిలిచింది. పొయ్యి మీద కాలిన పెనం దించి, దానిమీద బూడిదాకుపచ్చ రంగులో ఉన్న పాచి ముక్క పరిచింది. కాసేపు ఆగి, ఆ పెనానికే తన అరచెయ్యి ఆనించి చూపించింది. వెనక బెంచీల వాళ్ళు "అబ్బో" అన్నారు.

"మిగతా మొక్కలు వెలుగు తింటే ఇది వేడి తింటుంది. దీనికి ఆకలి ఎక్కువ. అందుకే చుట్టూ సున్నపు గీత గీస్తాం. సున్నం తగిలితే మాడిపోతుంది, కాబట్టి గీత దాటదు. ఆ గీత మాత్రం వారంవారం దిద్దాలి. ఎవరూ దీన్నుంచి ముక్క తీసుకోకూడదు," అంది మేడం.

ప్రయోగం ఆ ఏడాదికి ఒక్క ఇంటి మీదే. ఎవరి ఇల్లన్నది చీటీలు వేసి తేల్చారు. చీటీ తియ్యడానికి మోసం చెయ్యని పిల్ల కావాలంటే మాస్టారు తాయారుని లేపారు. క్లాసులో నోరెత్తని పిల్ల, అడిగితే తప్ప మాట్లాడని పిల్ల. తాయారు స్టీలు డబ్బాలో చెయ్యి పెట్టింది. వేళ్ళకు ఒక చీటీ తగిలింది. పట్టుకుంది. ఏమనిపించిందో, దాన్ని వదిలేసి దాని కింద ఉన్నది తీసింది. అది రోహిణి వాళ్ళ నాన్న పేరు.

వదిలేసిన చీటీలో తమ పేరే ఉందని తాయారుకి ఆ క్షణం నుంచీ నమ్మకం. ఎవరికీ చెప్పలేదు. రోహిణి వాళ్ళ అమ్మ కాంతం పిన్ని ఆ సాయంత్రం గిన్నెడు సున్నుండలు తెచ్చి, "మా తల్లే, నీది చల్లని చెయ్యి," అని తలమీద చెయ్యి వేసింది. ఆ రెండిళ్ళ మధ్యా గిన్నెలు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. వచ్చిన గిన్నెని ఖాళీగా పంపడం రెండిళ్ళలోనూ లేదు, చిటికెడు పంచదారైనా వేసి ఇస్తారు. సామ్రాజ్యం గిన్నెలో నాలుగు నిమ్మకాయలు వేసి తిరిగి ఇచ్చింది. తాయారు సున్నుండ కొరికింది. మిగతా సగం పక్కన పెట్టేసింది.

ఎండలు ముదిరేసరికి రోహిణి వాళ్ళ కప్పు మీద పాచి దుప్పటిలా పరుచుకుంది. వాళ్ళ ఇంట్లో ఫ్యాను కూడా ఆపేశారు. కరెంటు బిల్లు చూపించడానికి రోహిణి వాళ్ళ నాన్న వీధంతా తిరిగాడు. ఇక దీనితో పనేముందని కూలరు అమ్మేశాడు.

సరిగ్గా అప్పుడే తాయారు వాళ్ళ అక్క సుభాషిణి పసిబిడ్డతో పుట్టింటికి వచ్చింది. కాన్పు టౌను ఆసుపత్రిలో అయింది. ఆడపిల్ల. నెల కూడా నిండలేదు. నడిమింట్లో, ఉమ్మడి గోడ పక్కన ఉయ్యాల కట్టారు. మధ్యాహ్నం కరెంటు పోతే కూలరు ఆగిపోయేది, బిడ్డ చెమటకాయలతో ఎర్రబడి గుక్కపెట్టేది.

"మా ఇంట్లో పడుకోబెట్టక్కా. హాయిగా నిద్రపోద్ది," అంది గోడమీంచి రోహిణి.

అక్క ఆ మాట కోసమే చూస్తున్నట్టు లేచింది. పొంగడాల్లాంటి బుగ్గలున్న ఆ బిడ్డని రోహిణి వచ్చి ఎత్తుకుంటే, అక్క వెనక నడిచింది. మెత్తా దుప్పటీ మొయ్యడం తాయారు వంతయింది.

గుమ్మం దాటగానే అక్క నిట్టూర్చింది. "అబ్బ! ఏం ఇల్లే మీది రోహిణీ! ప్రాణం లేచొచ్చినట్టుంది."

"రోజూ రా అక్కా. నాకా అక్కాచెల్లెళ్ళా ఎవరూ లేరాయె."

"ఇకనుంచి ఇదే నా పుట్టిల్లనుకో," అంది అక్క నవ్వుతూ.

వేళాకోళానికి అన్న మాటే. తాయారు మాత్రం దుప్పటి కింద పెట్టి, మళ్ళీ మడతపెట్టి, మళ్ళీ విప్పింది. అక్క అక్కడే అన్నం తిన్నది, అక్కడే పడుకున్నది. రోహిణి బిడ్డ పక్కన బోర్లా పడుకుని వేలు అందిస్తే బిడ్డ గట్టిగా పట్టుకుంది.

"దీనికి హిమజ అని పెడదామక్కా. మా చల్లటింట్లో పెరుగుతుంది కదా."

"బాగుందే! ఇంతమందిమి ఉన్నాం, ఎవరికీ తట్టలేదు చూడు," అంది అక్క.

తాయారుకి తట్టింది. అక్క కడుపుతో ఉందని తెలిసిన రోజే ఒక పేరు అనుకుని మనసులో దాచుకుంది. ఎవరైనా అడిగితే చెబుదామని. ఎవరూ అడగలేదు.

ఆ రోజు ఇంటికొచ్చి ఖాళీ ఉయ్యాల చూసింది. పిల్లి పోయింది, అక్క పోయింది, బిడ్డ పోయింది. అన్నీ ఆ గోడకు అటువైపే. మధ్యలో ఉన్నదల్లా జానెడు మందం రాయి, తను వదిలేసిన ఒక చీటీ.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, వీధిలో కాకి కూడా లేని వేళ, తాయారు అట్లకాడ కొంగులో దోపుకుని మెట్లెక్కింది. రెండు కప్పులకీ మధ్య మోకాలెత్తు పిట్టగోడ. తమ కప్పు మీద అరికాళ్ళు చుర్రుమంటున్నాయి. గోడ దాటి అటువైపు కాలు పెట్టగానే తడి గుడ్డ మీద అడుగు వేసినట్టయింది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. 'ఇంత సుఖమా వీళ్ళకి' అనుకుంది. ఆ సుఖానికే ఒళ్ళు మండింది. వంగి, అంచున అరచేతిలో పట్టేంత పాచి అట్లకాడతో లేపి, ఇటువైపు తెచ్చి, తమ కప్పు మీద ఉయ్యాలకు సరిగ్గా పైన వచ్చేచోట పరిచింది.

గీత సంగతి మరిచిపోలేదు. మేడం ఇచ్చిన మూత డబ్బాలోని సున్నంతో రోహిణి గీత దిద్దడం చాలాసార్లు చూసింది. ఆ డబ్బా తనకు లేదు. పెరట్లో ఉగాదికి గోడలకు కొట్టగా మిగిలిన సున్నం ఉంది. తాయారు దాన్ని నీళ్ళతో కలిపి, అమ్మ ఎప్పుడూ చేసినట్టే అన్నం వార్చిన గంజి పోసింది. గంజి పడితేనే సున్నం రాయిని పట్టుకుంటుంది, ఆనుకుంటే బట్టలకు అంటదు. గీత బలంగా ఉండాలని ఒక గరిటె ఎక్కువే పోసింది. ఆ మిగిలిందాంతోనే, అట్లకాడ రాసుకుపోయిన రోహిణి వాళ్ళ గీతని కూడా జాగ్రత్తగా సరిచేసింది. దొంగతనం ఎక్కడా కనబడలేదు.

ఇల్లు చల్లబడింది.

మొదట అమ్మ నమ్మలేదు. "గాలి మారినట్టుందే," అంది. నాన్న మీటరు ముందు నిలబడి, తిరగడం మానేసిందేమోనని వేలితో కొట్టి చూశాడు. కూలరుకి గుడ్డ కప్పేశారు. సుభాషిణి ఉయ్యాల కింద చెయ్యి పెట్టి, "ఇక్కడే బాగుందమ్మా, ఇక ఆళ్ళింటికెందుకు?" అంది. ఆ మాటని తాయారు ఆ రోజంతా లోలోపల చప్పరించింది. పిల్లి కూడా గోడమీద నిలబడి అటూ ఇటూ చూసి, ఇటువైపు దూకింది.

సాయంత్రం రోహిణి వచ్చింది. గుమ్మంలోనే ఆగి చుట్టూ చూసింది.

"ఏందే తాయారూ, మీ ఇల్లు కూడా చల్లబడిందే!"

"గోనెసంచులు తడిపి కప్పు మీద వేశాం."

"అంతేనా? అక్క ఇయ్యాల రాలేదేంది? నేను మామిడిపండ్లు చెక్కి ఉంచా."

"అక్కకి ఇంట్లోనే బాగుందంట," అంది తాయారు. అంత పొడుగు మాట అంత గట్టిగా ఎప్పుడూ అనలేదు. రోహిణి ముఖం చిన్నబోవడం చూసింది. మామిడిపండు ముక్కలో కూడా లేనంత తీపి అందులో ఉంది.

తరవాత పెరుగు తోడుకోలేదు.

సామ్రాజ్యం గిన్నె మూత తీసి, వేలితో కదిలించి, ముక్కు చిట్లించింది. పాలు పాలలాగే ఉన్నాయి. తోడు పాతబడిందనుకుని కాంతం పిన్ని దగ్గరికి పోతే అక్కడా అంతే. ఇడ్లీ పిండి పొంగలేదు. గంపలో పొదిగిన కోడి గుడ్ల మీంచి లేచి పోయి వీధిలో ఎండలో నిలబడింది. ఎన్నిసార్లు తెచ్చి కూర్చోబెట్టినా లేచిపోయింది.

"పిచ్చి కోడి, నెత్తి మాడుతుంటే ఎండలో నిలబడుద్దేంది!" అని అమ్మ దాన్ని తిట్టింది.

బిడ్డ మాత్రం బంగారంలా ఉందని అందరూ అన్నారు. ఏడవడం మానేసింది. పగలూ పడుకుంటుంది. అక్కకి కూడా తృప్తిగా కునుకు పడుతోంది.

"పాలకి కూడా లేవటంలేదు. ఎంత బుద్ధిమంతురాలో నా తల్లి," అంది అక్క.

ఆ మధ్యాహ్నం తాయారు ఉయ్యాల ఊపుతూ బిడ్డ అరికాలు ముట్టుకుంది. చప్పున చెయ్యి తీసేసింది. కుండలో నీళ్ళు ముట్టుకున్నట్టుంది. రోహిణి ఇచ్చినట్టే తనూ పట్టుకోమని వేలు అందించింది. బిడ్డ వేళ్ళు ముడుచుకోలేదు. పెదవుల రంగు మారింది.

ఉయ్యాల వెనక గోడకి పాత క్యాలెండరు వేలాడుతోంది. దాని అంచు ఎందుకో ఉబ్బినట్టుంది. తాయారు పైకెత్తి చూసింది. దాని వెనక, కప్పు రాళ్ళ సందుల్లోంచి దిగి, గోడంతా పరుచుకుని, ఉయ్యాల తాడు వరకూ పాకిన బూడిదాకుపచ్చ.

అక్కని కుదిపింది, ఉయ్యాల చూపించింది, అక్క "ఏందే?" అంటుండగానే చెప్పులు కూడా లేకుండా స్కూలు వైపు పరుగెత్తింది.

యశోధర మేడం సైన్సు గదిలో థర్మామీటర్లు తుడుస్తోంది. తాయారు గుమ్మం పట్టుకుని నిలబడి రొప్పింది.

"నేనే మేడం. నేనే... తీశాను. పాచి. గోడంతా ఎక్కింది. బిడ్డ చల్లబడిపోయింది."

మేడం తిట్టలేదు. సంచీ అందుకుంటూ, "గీత గియ్యలేదా?" అంది.

"గీశాను మేడం. సున్నంతోనే. గంజి కూడా పోసి గట్టిగా గీశాను."

మేడం సంచీ పక్కన పెట్టి, మధ్యాహ్న భోజనాల గిన్నెల దగ్గరికి వెళ్ళింది. అడుగంటిన గంజి వేలితో తీసి, బల్ల మీది గాజు పళ్ళెంలో పాచి అంచుకు రాసింది. ఇద్దరూ వంగి చూశారు. పాచి ఒక్కసారి రోమాలు నిక్కబొడుచుకున్నట్టయి, గంజి మీదికి పాకింది. పళ్ళెంలోని థర్మామీటరు గీత కిందికి జారడం మొదలుపెట్టింది. ఆగలేదు. గాజు మీద పొగమంచు కట్టింది.

"గంజి దీనికి బలం," అంది మేడం మెల్లిగా. "బలం వచ్చేకొద్దీ ఆకలి. ఎండ చాలక పొయ్యిలో వేడి, మనుషుల్లో వేడి... మా ల్యాబులో గంజి ఉండదమ్మా. సున్నంలో గంజి కలుపుతారని నాకు తెలియదు, నేను అడగనూ లేదు. పద. ముందు బిడ్డని బయటికి తేవాలి."

బిడ్డని అక్క రవిక లోపల గుండెకి ఆనించుకుని, వీధి అరుగు మీద నీడ అంచున కూర్చుంది. మేడం వాళ్ళిద్దరికీ కలిపి దుప్పటి చుట్టింది. కింద అరుగు రాయి సెగ కొడుతోంది. వేడిగాలి ముఖాన చాచి కొడుతోంది. ఊరంతా రెండు నెలలుగా తిట్టుకుంటున్న ఎండ అది. అక్క చెమటలు కక్కుతూ కదలకుండా కూర్చుంది. "ఏడవ్వే తల్లీ, ఒక్కసారి ఏడవ్వే," అంటోంది. ఆసుపత్రి బండికి కబురు పోయింది.

మేడం రెండు కప్పులూ ఎక్కి చూసి దిగింది. "రెండిళ్ళదీ కలిసి ఒకటే పాచి అయిపోయింది. గోడ లోపలినుంచి పాకింది. ఇటు చంపి అటు ఉంచితే మళ్ళీ వస్తుంది. ఉత్త సున్నంతో రెండు కప్పులూ, గోడా మొత్తం కొట్టెయ్యాలి. ఇప్పుడే."

కాంతం పిన్ని గుమ్మంలో ఉన్నది. పక్కనే రోహిణి. "మాదెందుకు కొట్టటం మేడం? మాది గీత దాటలేదు కదా! కూలరు కూడా అమ్ముకున్నాం," అంది పిన్ని.

అందరూ మేడం వైపు చూశారు. జవాబు చెప్పాల్సింది మేడం కాదని తాయారుకి తెలుసు.

"మీ కప్పు మీద ముక్క నేను తీశాను పిన్నీ. మీ గీత కూడా గంజి సున్నంతో నేనే దిద్దాను."

"ఎందుకే?" అంది రోహిణి. కోపంగా కాదు, నిజంగా అర్థంకానట్టు. "అడిగితే మా ఇంట్లోనే ఉండేవాళ్ళు కదే అందరూ!"

"అందుకే," అంది తాయారు.

రోహిణి అరుగు మీద అక్కని, దుప్పట్లోంచి కనబడుతున్న చిన్న తలని చూసింది. లోపలికి వెళ్ళి మూత డబ్బా, సున్నం కుంచె తెచ్చింది. తాయారు పక్కనుంచే, తగలకుండా మెట్లెక్కింది.

తాయారు సున్నం బక్కెట్టూ, ఇంకో కుంచే పట్టుకుని వెనకే ఎక్కింది. రోహిణి తమ కప్పు మధ్యలో కూర్చుని, అంచునుంచి కాకుండా అక్కడినుంచే మొదలుపెట్టింది. కుంచె పడ్డచోటల్లా పాచి చిటపటమని ముడుచుకుని నల్లబడింది. కింద రాయి తేలింది. వేసవంతా తాయారు కలగన్నది ఇదే. ఆ కప్పు బోసిపోవాలని, వాళ్ళ ఇల్లూ తమ ఇల్లులాగే కాలాలని. అనుకున్నదంతా కళ్ళముందే అవుతోంది. రోహిణి భుజాలు వణుకుతున్నాయి. ముక్కు ఎగబీల్చి, మోచేత్తో తుడుచుకుని, మళ్ళీ కుంచె ముంచింది.

సగం కప్పు అయ్యేసరికి కిందనుంచి సన్నగా ఒక గొంతు లేచింది. పిల్లి కూత కంటే బలహీనంగా. తరవాత గట్టిగా. తరవాత గుక్కపెట్టి.

ఇద్దరూ కుంచెలు పట్టుకుని అలాగే ఉండిపోయారు. రోహిణే ముందు తల దించుకుని పనిలో పడింది.

ఆసుపత్రి నుంచి బిడ్డ ఎర్రగా, చిరాగ్గా తిరిగి వచ్చింది. చెమటకాయలు మళ్ళీ లేచాయి. ఈసారి వాటిని చూసి ఎవరూ విసుక్కోలేదు. యశోధర మేడం గాజు పెట్టెలన్నీ సున్నంలో ముంచి, మాడిన పాచి ముక్క ఒక్కటి సీసాలో వేసుకుని వెళ్ళిపోయింది. "మళ్ళీ వస్తే ముందు మీ వంటిళ్ళు చూస్తాను," అని మాత్రం అంది.

నాన్న కూలరు మీది గుడ్డ తీశాడు. కూలరుని భుజాన పెట్టుకుని, "ఆళ్ళకి లేదు కదా," అని రోహిణి వాళ్ళ ఇంట్లో దించి వచ్చాడు. కాంతం పిన్ని వద్దనీ అనలేదు, కూర్చోమనీ అనలేదు. పిల్లికి ఏ ఇల్లూ నచ్చక కుండల బల్ల కింద తడిలో పడుకుంది.

"హిమజ అంటే నాకు ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తోందే. నువ్వేమన్నా పేరు అనుకున్నావా?" అని ఉయ్యాల ఊపుతూ అడిగింది అక్క.

ఇన్నాళ్ళూ ఎదురుచూసిన ప్రశ్న. దాచుకున్న పేరు నాలుక చివరిదాకా వచ్చింది.

"హిమజే ఉంచక్కా. రోహిణి పెట్టింది కదా," అంది తాయారు.

మర్నాడు పెరుగు తోడుకుంది. కత్తితో కోస్తే ముక్క తెగేంత గట్టిగా. తాయారు ఒక చిన్న గిన్నెలో తోడు తీసుకుని పక్కింటికి వెళ్ళింది. తలుపు రోహిణే తీసింది. గిన్నె అందుకుంది, లోపలికి వెళ్ళింది. కాసేపటికి గిన్నె తెచ్చి ఇచ్చింది. శుభ్రంగా కడిగి ఉంది. ఖాళీగా ఉంది.

తరవాతి రోజూ తాయారు తోడు పట్టుకెళ్ళింది. అమ్మ, "ఆళ్ళకి నిన్నటిది ఉంటది కదే," అంది. తాయారు వినిపించుకోలేదు. మళ్ళీ ఖాళీ గిన్నె. ఆ తరవాతా అంతే. వేడికి వీధిలో గాలి వణుకుతుంటే, తాయారు ఆ నాలుగడుగులూ నడిచి వెళ్ళేది, వచ్చేది.

తొలివాన ఇంకా పడలేదు. ఒక పొద్దున తాయారు గిన్నె తిరిగి తెస్తూ, ఖాళీదేననుకుని అందులోకి చూడలేదు. వంటింట్లో తొట్టి దగ్గర వంచబోతుంటే అడుగున ఏదో సర్రుమని జారింది.

"ఇటియ్యి, కడిగేస్తా," అంది అమ్మ చెయ్యి చాపి.

తాయారు గిన్నెని గుండెకి అదుముకుని వెనక్కి జరిగింది. అందులో చిటికెడు పంచదార ఉంది.